గుడారంలో ఒక పేరు

బోగుమిల్ గారికి,

జూలైలో ఆరువందల ఏళ్ళ నాటి గ్రున్‌వాల్డ్ యుద్ధాన్ని వేషాలు కట్టి మళ్ళీ ఆడటానికి మీ దళం వెళ్ళేటప్పుడు మావారినీ తీసుకెళ్ళండి. కత్తి మాత్రం ఇవ్వకండి. మతిమరుపు బాగా ముదిరింది. జెనోన్ అని పిలిస్తే పలకడం లేదు.

మొన్న మీవాళ్ళు మా ఇంటికి వచ్చి, దళంలో పెట్టిన పేరుతో "ఏం దోబెక్, కవచం తుప్పు పట్టించేశావేంట్రా?" అని వెక్కిరిస్తే, "నోర్ముయ్‌రా, ఆ నూనె ఇలా తే!" అని నవ్వారు. ఆ పూటంతా ఊడిన ఇనుప రింగులు బిగిస్తూ కూర్చున్నారు.

సాయంత్రం నేను బీట్‌రూట్ చారు తెస్తే, "మీది ఏ గుడారం, అమ్మా?" అని అడిగారు.

పెళ్ళయినప్పటి నుంచీ మీ శిబిరానికి నేనెప్పుడూ రాలేదు. ఈసారి వస్తాను, వంట దగ్గర ఉంటాను. భార్యనని ఆయనకు చెప్పకండి, కంగారుపడతారు. నాకూ అక్కడ ఒక పేరు పెట్టండి, ఆయన పిలవడానికి.

జెనోన్ భార్య