గీతిక గుర్రం, నా నోరు

సోమవారం, ఉ. 5.10
అర్ధమండల దీక్ష మొదలు! ఇరవై ఒక్క రోజులు. మా గీతికకు ఎనిమిదేళ్లు, ఆటిజం, మాటలు చాలా తక్కువ. గుర్రంతో ఆరుబయట నేర్పే తరగతిలో చేర్పించాం. అక్కడ నేను నోరు మెదపను, ఫోను తీయను. పదిహేనేళ్లుగా సినిమాల్లో కో-డైరెక్టర్‌ని. ఇంట్లోనూ అవే సెట్టు అరుపులని మా ఆవిడ శ్యామల ఎత్తిపొడుపు. చూపిస్తా!

7.40
గుర్రం పేరు మోతీ. ఫిల్మ్ నగర్‌లో నాకన్నా పేరున్న ఆర్టిస్టు. నేర్పే దేవమ్మ ముందే చెప్పింది: "పదేండ్లు సినిమాల్ల చేసింది సార్. యాక్షన్ అంటే ఉరుకుతది, కట్ అంటే ఆగుతది. గా మాటలు గీడ అనొద్దు."
నాకు చెప్తోంది!
గీతిక బ్రష్షు పట్టి మోతీ వీపు రుద్దింది. ఇరవై నిమిషాలు! ఇంట్లో తల దువ్వనివ్వని పిల్ల. ఏడుపొచ్చింది. అయినా మాట్లాడలేదు. శభాష్ నేను.

మంగళవారం
మౌనం. పక్క బెంచీ తండ్రెవరో "నడుం నిటారుగా పెట్టు" అని కొడుకు మీద అరిచాడు. సంస్కారం లేని మనిషి.

బుధవారం
"కాస్త ఎడమకి జరుగు తల్లీ, ముఖం మీద వెలుతురు లేదు" అన్నాను. ఒక్కసారే. వెలుతురు గురించి చెప్తే అది మాట్లాడినట్టు కాదు.

గురువారం
ఫోను తీశాను. గీతిక ఫొటో వాళ్ల అమ్మమ్మకు పంపడానికి. అమ్మమ్మ అడగలేదు, అది వేరే సంగతి.

శుక్రవారం
తీసుకెళ్లినవి: ఫోను స్టాండు, రిఫ్లెక్టరు, పాపకు ఎర్ర చొక్కా.
గీతిక మోతీ మీద కూర్చుంది, తాడు దేవమ్మ చేతిలో. ఫ్రేము అదిరింది. నోట్లోంచి దానంతటదే వచ్చేసింది: "యాక్షన్!"
మోతీ ఉరికింది. తాడు జారిపోయింది. పాప దాని మెడ పట్టుకుని వేలాడుతోంది.
"కట్!"
అరిచింది గీతిక. మోతీ ఠక్కున ఆగింది. దెబ్బేమీ తగల్లేదు.
పరిగెత్తి కూతుర్ని ఎత్తుకున్నానా? రాయడానికే సిగ్గేస్తోంది. "సూపర్ తల్లీ! ఇంకొక్క టేక్!" అన్నాను.
"గేటు బయటికి నడువుండ్రి సార్," అంది దేవమ్మ. "పోరి మంచిగ నేర్చుకుంటున్నది. మీకు నేర్పుడు నాతోని కాదు."

శనివారం
శ్యామల తీసుకెళ్లింది. నేను గేటు బయట. గీతిక ఈరోజు మోతీ దగ్గరికి వెళ్లలేదు, దూరం నుంచే చూస్తూ నిలబడింది. నా వల్లే.
"వెళ్లమ్మా, భయం లేదు, ముందు కుడికాలు..." అని మొదలుపెట్టాను.
గీతిక ఇటు తిరిగింది. "కట్."
నోరు మూసుకున్నాను. మళ్లీ తెరుస్తానేమోనని కాసేపు చూసింది. తర్వాత బ్రష్షు తీసుకుని మోతీ దగ్గరికి నడిచింది.

సోమవారం, ఉ. 5.10
దీక్ష మళ్లీ ఒకటో రోజు! ఫోను ఇంట్లోనే పెట్టేశాను. గేటు బయట చోటు కూడా చూసి ఉంచాను. అక్కణ్నుంచి వెలుతురు చాలా బాగా...
ఛీ. కట్.