ఉచ్చకి ఇంగ్లీషు

కొత్తగూడ,
19 ఆగస్టు 1999.

వదినగారు రాజరాజేశ్వరి గారికి,

నీహారిక నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను. అలా రాయడం మర్యాద కాబట్టి రాశాను. నిజానికి నాకు ఒళ్లు మండిపోతోంది.

మీ ఇల్లు మాకు రెండు వీధుల అవతల. అయినా మీరు ఫోను చేయలేదు, గుమ్మం దాకా రాలేదు. మీ ప్లే స్కూలు పేరు అచ్చేసిన కాగితం మీద నోటీసు రాసి, మొన్న సొంత మేనల్లుడి నిక్కరు జేబులో పెట్టి పంపారు. ఆదర్శ్‌కి టాయిలెట్ అలవాటు కాలేదు, తల్లి శ్రద్ధ పెట్టాలి, వారంలోగా మార్పు రాకపోతే మాన్పించండి అని. కాగితం మీరు మొదలుపెట్టారు కాబట్టి నేనూ కాగితం మీదే జవాబిస్తున్నాను.

వాడికి అలవాటు కాలేదని ఎవరన్నారండీ? ఏడాదిన్నర నిండినప్పటి నుంచి నేర్పాం. నేను హైటెక్ సిటీలో ఆఫీసుకి వెళితే మా ఇంటి ఓనరు పోచమ్మగారు చూసుకునేవారు. నిద్ర లేవగానే, మళ్లీ పాలు తాగిన కాసేపటికి, కాళ్లు చాపుకుని పాదాల మీద కూర్చోబెట్టి స్స్‌స్స్ అనేవారు. సెలవురోజు నేనూ అదే పని. కొన్నాళ్లు మా చీరలు తడిపాడు, కొన్నాళ్లు మొండికేశాడు, ఒకసారి మీ తమ్ముడి ఆఫీసు బూటులో పోశాడు. ఎవరూ వాడి మీద చెయ్యి చేసుకోలేదు. రెండున్నరేళ్లొచ్చేసరికి ఆట మధ్యలో వాడే పరుగెత్తుకొచ్చి ఉచ్చ అని చెప్పేవాడు. రాత్రిళ్లు పక్క తడుపుతాడు, నిజమే. దానికింకా టైముంది. మీ తమ్ముడు మూడో క్లాసుకొచ్చినా దుప్పటి తడిపేవాడని అత్తయ్యగారే చెప్పారు. ఆయన్నెవరూ మాన్పించలేదు కదా!

మరి మీ బళ్లో రోజూ ఎందుకు తడుపుతున్నాడా అని, నిన్న సగం రోజు సెలవు పెట్టి వచ్చి కిటికీలోంచి చూశాను. వాడు లేచి ఉచ్చ అన్నాడు. మిస్ ఇంగ్లీషులో చెప్పమంది. మళ్లీ ఉచ్చ అన్నాడు. ఆవిడ పిల్లలందరి చేతా మే ఐ గో టు ద టాయిలెట్ అని వల్లె వేయించింది. వాడు కాళ్లు మెలిపెట్టుకుంటూ మే ఐ దాకా వచ్చాడు. అక్కడే అయిపోయింది. తడి నిక్కరుతోనే మూల నిలబెట్టింది. నేను లోపలికెళ్లి వాణ్ణి ఎత్తుకుంటే, ఇది మేడమ్ పెట్టిన రూలండీ అంది. మేడమ్ అంటే మీరే.

ఇంటికి తెచ్చాక పోచమ్మగారు, పోరడు గంత మంచిగ నోరు తెరిచి చెప్తుంటే పోనియ్యకపోవుడేంది, ఉచ్చకు గూడ ఇంగ్లీషేనా అని బుగ్గలు నొక్కుకున్నారు. నాకు తలెత్తలేనంత సిగ్గేసింది, ఎందుకంటే మిమ్మల్ని నమ్మి చేర్పించింది నేనే.

నేను ఆఫీసులో రోజంతా ఇంగ్లీషే మాట్లాడతాను వదినగారూ. బాత్రూంకి వెళ్లడానికి ఎవరినీ ఏ భాషలోనూ అడగను. ఇంగ్లీషు వద్దనడం లేదు. ముందు పిల్లాణ్ణి పంపించి, తిరిగొచ్చాక తీరిగ్గా నేర్పుకోండి. వచ్చిన పనిని చెడగొట్టి, రాలేదని నోటీసివ్వడం ఏం పద్ధతి?

ఇకమీదట వాణ్ణి పంపను. మిగతా పిల్లల కోసమైనా ఆ రూలు తీసేయండి. అక్కతో గొడవెందుకని మీ తమ్ముడు నసుగుతున్నారు. అందుకే ఈ ఉత్తరం ఆయన చేతే పంపుతున్నాను.

ఇట్లు,
కోపం ఇంకా చల్లారని మీ మరదలు,
నీహారిక.

తా.క.: ఉత్తరం మడిచిపెట్టి వాడికి అన్నం తినిపించాను. నీళ్ల గ్లాసు నోటి దగ్గర పెడితే పెదాలు బిగించేశాడు. నాలుగు రోజులుగా ఇదే వరస, మారాం అనుకున్నాను. ఎందుకురా అని ఒళ్లో కూర్చోబెట్టుకుని అడిగితే, నీళ్లు తాగితే ఉచ్చొస్తుంది, ఉచ్చొస్తే అత్తకి నేనంటే ఇష్టం ఉండదు అన్నాడు. ఇది మనిల్లు కదా కన్నా, తాగు అన్నాను. రేపు బడుంది కదా అన్నాడు. బడి లేదని ఎంత చెప్పినా నమ్మడం లేదు. మీ తమ్ముడితో పాటు మీరే వచ్చి, తాగమని వాడితో చెప్పండి.