రమ కొంటానన్న సెడాన్

చిట్టీ,

నీకు కారు నేర్పుతానని మాటిచ్చి తప్పాను. నువ్వు పోయి నిన్నటికి ఏడాది. నిన్ననే నీ కూతురు రమ కొత్త స్పోర్ట్స్ సెడాన్ చూడ్డానికి నన్ను తీసుకెళ్ళింది. "మామయ్యా, నువ్వు బావుందంటేనే కొంటా" అంది.

షోరూమ్ ఆయన నాతో, "మీ అబ్బాయిగారు నడుపుతారా అండీ?" అన్నాడు.

"నేనేనండీ. మీరు వెనక కూర్చోండి" అని రమ తాళం అందుకుంది.

పత్రికల్లో రివ్యూలన్నీ చదివాను. మన నూజివీడు గతుకుల మీద నడిపి రాసినవాడు ఒక్కడూ లేడు. మామిడితోట దారిలో కారు అడుగు ఒకసారి నేలకు తగిలింది, సీటు కిందికి ఉండి నా మోకాళ్ళు మూలిగాయి. కానీ హనుమాన్ జంక్షన్ రోడ్డెక్కాక ఎంత వేగంలోనూ మలుపుల్లో ఒరగలేదు, బ్రేకు మెత్తగా పట్టింది. వంక పెట్టడానికి నాకే మనసు రాలేదు.

"తీసుకోవే" అన్నాను.

నువ్వయితే ఇంకా బాగా నడిపేదానివి. "మనింటి ఆడపిల్ల డ్రైవరవుతుందా?" అంటూ ఆనాడు నా చేతిలో తాళం లాక్కున్న పెద్దన్నయ్య సూర్యనారాయణను నేనింకా క్షమించలేదు.