గుల్లలు సముద్రం నుంచి తీసుకున్నది

మేడమ్‌గారూ,

మీరు పోయి నేటికి ఏడాది. మన కాలేజీ ల్యాబ్‌లో మీరు మొదలుపెట్టిన పని ఈమధ్యే నా చేతుల మీదుగా పూర్తయింది.

ఉప్పుటేరు గుల్లల ఒంట్లో కనబడే ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను వాటిదా, ఊళ్ల మురుగు కలిసే సముద్రపు నీళ్లదా అని మీరు అడిగేవారు. "నీళ్లదేనని నా అనుమానమమ్మా," అనేవారు. తొంభై ఆరు తుఫానుకి ల్యాబ్ పైకప్పు ఎగిరిపోయి గుల్లల తొట్టెలు పగిలాక మీరు ఆ ఊసే ఎత్తలేదు.

మీలాగే నేనూ అల్లవరం నుంచే గుల్లలు తెప్పించాను. నీళ్లలో కలిపిన హార్మోనును అవి పీల్చుకుని, కొవ్వుతో కలిపి ఒంట్లో దాచుకున్నాయి. శుభ్రమైన ఉప్పునీళ్లలోకి మార్చినా తొందరగా వదల్లేదు.

నిన్న అమలాపురం వెళ్లి మీవారు మాస్టారుగారికి చెప్పాను. ఆయన కాఫీ తాగడం ఆపి విన్నారు.

"అయితే సముద్రందేనామ్మా?"

"ఆయ్, చాలావరకు అలాగే కనబడుతోందండి. మేడమ్‌గారి అనుమానమే నిజమైంది."

ఆయన గ్లాసు కింద పెట్టేశారు. "తుఫాను తర్వాత పెద్ద ప్రొఫెసర్లెవరో అది గుల్లదేనని తేల్చేసేరమ్మా. మీ మేడమ్ నమ్మేసింది. తనే పొరబడ్డానని చివరిదాకా అనుకుంది."

ఆయన దగ్గర సెలవు తీసుకున్నాను. బస్సెక్కేశాను.

మీరు పొరబడలేదండి, మేడమ్.