సుజాత ఇంటర్వ్యూలో నా నోరు

2007 ఫిబ్రవరి, మంగళవారం

మనవరాలు సుజాతకు ఈరోజు గుంటూరులో ఇంటర్వ్యూ. కంప్యూటర్లో సరుకులు చూపించి అమ్మే కంపెనీ. తోడు వెళ్లినవాణ్ని బయట ఉండాల్సింది, దాన్ని పిలవగానే నేనూ లోపలికి వెళ్లి పక్క కుర్చీలో కూర్చున్నాను. మిరప యార్డులో మన బస్తాల పక్కన మనం ఉండమా, ఇదీ అంతే అనుకున్నాను.

ఆఫీసరు కుర్రాడు నాకూ నమస్కారం పెట్టాడు. "మిరపకాయలు నెట్‌లో ఎలా అమ్ముతారమ్మా?" అని దాన్ని అడిగాడు. అది నోరు తెరిచేలోపు నేనే అన్నాను: "కాయ విరిచి చూడకుండా, ఘాటు తగలకుండా ఎవడు కొంటాడయ్యా?"

సుజాత నా మీదికి తిరిగింది. "నువ్వుండు తాతయ్యా. సెల్‌ఫోను విప్పి చూసి కొన్నావా? ఎదురింటి సుబ్బయ్య తాత బాగుందంటే కొన్నావు. ఇక్కడా అంతే. కొన్నోళ్లు బాగుందని రాస్తే, అది చదివి మిగతావాళ్లు కొంటారు."

నిజమే కదా అని తలూపాను. ఆ కుర్రాడు మాత్రం అనుభవం ఉన్నవాళ్లు కావాలన్నాడు.

ఉద్యోగం నా నోటి వల్లే పోయిందేమో. చిలకలూరిపేట దాకా బస్సులో అది కిటికీ వైపే తిరిగి కూర్చుంది. జామకాయలు కొనిస్తే తిన్నది. తిని, "శుక్రవారం విజయవాడలో ఇంకోటుంది. నువ్వూ రా. కానీ బయటే కూర్చోవాలి" అంది.

ఈ వయసులో నన్ను మాటతో ఒప్పించింది అదొక్కతే. విజయవాడ వాళ్లు ఎంత, ఒప్పిస్తుంది. నేను బయట కూర్చోగలనా అన్నదే...