గంగాధర్ తమ్ముడి వీసా

శుక్రవారం రాత్రి, బిర్కత్ అల్ అవామిర్ లేబర్ క్యాంప్, గల్ఫ్

మా కబడ్డీ క్లబ్బుకు కప్పు తెచ్చిపెట్టిన గంగాధర్‌కు జీతం లీగు పెట్టిన పరిమితి దాటకుండానే ఇచ్చాం. కాకపోతే అతను వేరే క్లబ్బుకు పోకుండా, ప్రెసిడెంట్ గారు అతని తమ్ముడు నరేశ్‌కు తన కంపెనీలో వీసా ఇచ్చారు. మనవాళ్లకు వీసా అంటే జీతం కంటే ఎక్కువని లీగు వాళ్లకు ఎవరు చెప్పారో! అదీ జీతం కిందే లెక్క అంటున్నారు. రేపు విచారణ. సెక్రటరీని కాబట్టి జవాబు నేనే చెప్పాలి.

సాయంత్రం ప్రెసిడెంట్ గారి ఫోన్. "ఆ కుర్రాడికీ క్లబ్బుకీ సంబంధం లేదని చెప్పెయ్యవయ్యా. నా పరువు పోయిందంటే వాడు నా కంపెనీలో ఉండడు."

తర్వాత గంగాధర్ వచ్చాడు. "అన్నా, నన్ను ఆట నుంచి తీసేస్తే తీసెయ్యనియ్. తమ్ముణ్ని మాత్రం వాపస్ పంపనియ్యకు. ఏజెంట్ల సుట్టు తిరిగి యాష్టకొచ్చిండు వాడు." మీద పడ్డ ముగ్గురిని ఈడ్చుకుంటూ గీత దాటే మనిషి, నా చేతులు పట్టుకుని ఏడ్చాడు.

అబద్ధం చెబితే, ఫైనల్లో ఓడిన కుర్రాళ్ల ముఖం ఎలా చూడను? వాళ్లూ ఎండలో డ్యూటీ చేసొచ్చి ఆడినవాళ్లే. నిజం చెబితే నరేశ్...

ప్రెసిడెంట్ తప్పు చేస్తే నిలదీయడానికే సెక్రటరీ ఉండాలట, క్లబ్బు నియమాల్లో ఉంది. ఏం నిలదీస్తాను, నా మొహం! లీగు వాళ్లు నరేశ్ వీసా ఎవరిచ్చారనే అడుగుతున్నారు. నా వీసా ఎవరిచ్చారని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.