పెద్దదాని జ్ఞానదంతం

ఏమండీ, మన పెద్దమ్మాయి కోలుకుంటోంది, కంగారుపడకండి.

దాని జ్ఞానదంతం చిగురులోనే అడ్డంగా పడుకుని పక్క పన్నును నెడుతోందని ఎక్స్‌రేలో తేలింది. సోమవారం మత్తింజెక్షన్ ఇచ్చి, రెండు ముక్కలు చేసి తీశారు. ఆ రోజంతా పుక్కిలించొద్దు, ఉమ్మొద్దు, స్ట్రాతో ఏమీ తాగొద్దని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. పన్ను తీసిన గుంతలో గడ్డకట్టే రక్తమే దానికి మూత అట. నేను మందుల షాపుకి వెళ్లొచ్చేలోగా, నోరంతా ఉప్పగా ఉందని ఇది కుళాయి దగ్గర గట్టిగా పుక్కిలించేసింది. ఆ మూత కాస్తా ఊడిపోయింది. రెండు రోజులకల్లా నొప్పి చెవిదాకా పాకింది. దిండులో మొహం పెట్టుకుని ఒకటే మూలుగు. మళ్లీ తీసుకెళ్తే గుంత కడిగి మందు పెట్టారు.

"మానుతుందమ్మా, కాకపోతే ఆలస్యమవుతుంది" అంది డాక్టరమ్మ.

చిన్నోడు దవడ చివర లాగుతోందంటున్నాడని రాశారు. చదువు ఎగ్గొట్టే ఎత్తు అనుకోకండి. లవంగంతో సరిపెట్టకుండా ఎక్స్‌రే తీయించండి. తీయక్కర్లేదంటే మరీ మంచిది, ఊరికే పీకించొద్దు. మీ బీపీ మాత్రలు ఉన్నాయా? గ్యాసు బండ వచ్చిందా? అత్తయ్యగారికి నమస్కారాలు, చిన్నోడికి ముద్దులు.

ఇవాళే పెద్దది కాస్త నోరు తెరిచింది. "నాన్నకి రాయకమ్మా, నిద్రపోరు" అంది. నేను రాసేశాను. మీరు మాత్రం నిద్రపోండి.